బ్యాంకాక్ నగర పర్యటనము

థాయిలాండు రాజధానియైన బ్యాంకాక్ నగరము చావో ఫ్రయా నదికి ఇరుగట్టుల వ్యాపించి, ఆగ్నేయాసియాలో విదేశ యాత్రికులు మిక్కిలిగా దర్శించు నగరములలో అగ్రశ్రేణికి చెందియున్నది. థాయి ప్రజలు దీనిని క్రుంగ్ తేప్ అని వ్యవహరింతురు. బ్యాంకాక్ అనునది విదేశీయుల వాడుకలో స్థిరపడిన ప్రాచీన గ్రామనామము. పాళీ సంస్కృత పదములతో గూడిన ఈ నగరపు సంపూర్ణ నామము ప్రపంచమందలి స్థలనామములలో అతిదీర్ఘమైనదిగా ప్రసిద్ధి కెక్కినది. ఈ వ్యాసమున నగరము యాత్రికుని దృష్టినుండి మాత్రమే నిరూపింపబడును. రాజకీయ చరిత్రకును ప్రభుత్వ వ్యవస్థకును 'థాయిలాండు' అను శీర్షికను చూడదగును.

భౌగోళిక స్థితి, ఋతువులు

సుమారు 1,569 చదరపు కిలోమీటర్ల వైశాల్యముగల ఈ నగరము 50 మండలములుగా విభజింపబడి యున్నది. 2010 జనగణన ననుసరించి ఇచ్చటి జనసంఖ్య 82 లక్షలకు పైబడినది. నగరభూమి సముద్రమట్టమునకు ఒకటి రెండు మీటర్లకంటె ఎత్తున లేదు. నది తెచ్చిన ఒండ్రుమట్టిపై నిర్మింపబడిన ఈ మెత్తని నేల క్రమముగా క్రుంగుచుండుటయు, వర్షాకాలమున నదీజలము పొంగుటయు, సముద్రపు పోటు ఎదురు వచ్చుటయు కలిసినపుడు వరదలు సంభవించును. వీనిలో 2011 నాటిది ఇటీవలి కాలమున మిక్కిలి తీవ్రమైనది.

సంవత్సరము మూడు ఋతువులుగా గడచును. నవంబరు మొదలు ఫిబ్రవరి వఱకు చల్లని కాలమందురు గాని, ఆ చల్లదనము కోస్తా ఆంధ్రమున సంక్రాంతినాళ్ల చలికంటె తక్కువయే. మార్చి మొదలు మే నడిమి వఱకు ఎండలు, పిమ్మట అక్టోబరు వఱకు వానలు. యాత్రికులు చల్లని కాలమునే కోరుదురు కావున వసతిగృహముల వెలలు ఆ నెలలలో పెరుగును. వానకాలము యాత్రకు నిషిద్ధమను భావము సరికాదు. వాన సాధారణముగా సాయంకాలమున ధారాపాతముగా కురిసి నిలిచిపోవును, ఉదయములు తెరిపిగా నుండును. జనవరి ఫిబ్రవరి నెలలలో గాలి చలనము తగ్గి సూక్ష్మధూళి దట్టమగు దినములుండును గనుక, ఉబ్బసము కలవారికి ఆ చల్లని కాలమే కష్టకాలమగుటయు కలదు.

నగర చరిత్ర: నీటినుండి నేలకు

పర్యాటకుని కంటబడు బ్యాంకాక్ స్వరూపమును అర్థము చేసికొనుటకు ఒక విషయము ముఖ్యము: ఇది మొదట నీటిపై బ్రదికిన నగరము, తరువాత నేలమీదికి మరలింపబడిన నగరము. 16వ శతాబ్దమున అయుత్థయ రాజులు, సముద్రమునుండి తమ రాజధానికి వచ్చు నౌకల ప్రయాణము తగ్గించుటకై, ఇచ్చట నది తిరిగిన పెద్ద వంపునకు అడ్డముగా ఒక కాలువ త్రవ్వించిరి. కాలక్రమమున నదీప్రవాహమంతయు ఆ అడ్డకాలువను పట్టి ప్రవహించుటచే అదియే నేటి ప్రధాన నది యైనది. పాత వంపు బ్యాంకాక్ నోయి, బ్యాంకాక్ యాయ్ అను పేర్లతో కాలువలుగా మిగిలినది.

1767లో బర్మా సేనలు అయుత్థయను ధ్వంసము చేసిన పిమ్మట, తాక్సిన్ రాజు పడమటి గట్టునగల థోన్‌బురిని రాజధానిగా చేసికొనెను. 1782లో చక్రీ వంశమునకు మూలపురుషుడైన మొదటి రాముడు సింహాసనమెక్కి, రాజధానిని తూర్పుగట్టునకు మార్చి, అదే యేడు ఏప్రిల్ 21న నగరస్తంభమును ప్రతిష్ఠించెను. రాజప్రాసాదము నిర్మింపవలసిన చోట అంతకుముందు నివసించుచుండిన చైనా వర్తకులు దక్షిణమునకు తరలింపబడిరి. నేటి చైనా పేట అట్లేర్పడినది. నగరము చుట్టును లోపలను కాలువలు త్రవ్వబడెను. ప్రజలు తెప్పలపై ఇండ్లు కట్టుకొని, పడవలలోనే క్రయవిక్రయములు జరిపిరి.

1855లో బ్రిటనుతో జరిగిన బౌరింగ్ సంధి విదేశ వాణిజ్యమునకు ద్వారములు తెరచినది. పట్టణమున గుఱ్ఱపుబండిపై తిరుగుటకు త్రోవలు లేకుండుట తమ ఆరోగ్యమునకు హానికరమని విదేశ రాయబారులు విన్నవించుకొనగా, నాల్గవ రాముడు 1862-64 మధ్య చరోన్ క్రుంగ్ రాజమార్గమును వేయించెను. 1888లో గుఱ్ఱపు ట్రాములు వచ్చి, కొలది యేండ్లలోనే అవి విద్యుత్తుతో నడువనారంభించెను. అయిదవ రాముని కాలమున విశాలవీథులు, రైలుమార్గము ఏర్పడెను. 1916లో హువాలంఫాంగ్ స్టేషను ప్రారంభమయ్యెను. 20వ శతాబ్దపు ఉత్తరార్ధమున మోటారు వాహనముల కొఱకు అనేక కాలువలు పూడ్చబడి వీథులైనవి. ట్రాములు సైతము 1968లో అంతరించినవి. వాననీరు వీథిలో నిలుచుటయు, వాహనములు గంటలకొలది కదలకుండుటయు ఈ మార్పుయొక్క ఫలితములే. నేడు యాత్రికుడు తీరికగా, చల్లగాలిలో తిరుగగల త్రోవలు చాలవఱకు పూడ్చబడక మిగిలిన జలమార్గములే యగుట గమనింపదగినది.

పర్యాటక వృత్తి వికాసము

19వ శతాబ్దపు చివరి భాగమున వచ్చిన యూరపు యాత్రికులు నదీతీరమందలి ఓరియంటల్ హోటలున విడిసెడివారు. 1923లో ఆంగ్ల రచయిత సోమర్సెట్ మామ్ మలేరియా జ్వరముతో అచ్చట పడియుండెను. 1914లో విమానములు దిగనారంభించిన డాన్ ముఆంగ్ మైదానము ఆసియాలోని పురాతన విమానాశ్రయములలో నొకటి. 1960వ దశకమున, వియత్నాం యుద్ధమున పాల్గొన్న అమెరికా సైనికులను విశ్రాంతికై థాయిలాండునకు పంపు పద్ధతి ఏర్పడుటచే నగరమున హోటళ్లు, మద్యశాలలు, రాత్రి వినోదస్థలములు విరివిగా వెలసినవి. పట్‌పాంగ్ వంటి వీథులకు కలిగిన అపకీర్తికిని, దేహవిక్రయముతో ముడిపడిన యాత్రలపై నేటికిని సాగుచున్న విమర్శకును మూలము ఇచ్చటనే కలదు.

1979లో ప్రభుత్వ పర్యాటక సంస్థ నేటి రూపము దాల్చెను. 1982లో నగర ద్విశతాబ్ది ఉత్సవములు, 1987లో థాయిలాండు సందర్శన సంవత్సరము ప్రభుత్వపు పూనికతో జరిగినవి. 1980వ దశకమునుండియే, పూర్వము బియ్యపు వ్యాపారమునకు నెలవైన ఖావో సాన్ వీథి, స్వల్పవ్యయముతో దేశములు తిరుగు యువకులకు మజిలీ యైనది. 2006 సెప్టెంబరు 28న సువర్ణభూమి విమానాశ్రయము ప్రారంభమయ్యెను. అందలి బయలుదేరు భాగమున క్షీరసాగర మథనమును చూపు బృహత్ శిల్పము, దేవదానవులు వాసుకిని లాగుచున్నట్లు, ప్రయాణికుల కెదురుగా నిలిపియున్నారు. థాయిలాండునకు వచ్చిన విదేశ యాత్రికులు 2019లో 3 కోట్ల 98 లక్షలు కాగా, కోవిడ్ కారణమున 2021లో ఆ సంఖ్య సుమారు 4 లక్షలకు దిగజారి, 2024లో తిరిగి మూడున్నర కోట్లను దాటినది. ఆ యేట భారతదేశమునుండి వచ్చినవారు సుమారు 20 లక్షలు.

ప్రవేశ నియమములు, ప్రయాణము

హైదరాబాదునుండి బ్యాంకాక్‌నకు నేరుగ విమానములు కలవు. ప్రయాణము నాలుగు గంటల లోపున ముగియును. అచ్చటి కాలము మన కాలమునకు గంటన్నర ముందుండును. భారతీయులకు వీసా లేకుండ ప్రవేశించు సౌకర్యము 2023 నవంబరులో కల్పింపబడినది. 2025 మే 1 నుండి విదేశ ప్రయాణికులందఱు రాకకు ముందుగా ఆగమన పత్రమును ఆన్‌లైనులో పూరింపవలసి యున్నది. ఈ నియమములు తఱచు మారుచుండును గనుక బయలుదేరుటకు ముందు రాయబార కార్యాలయపు ప్రకటనను చూచుట అవసరము. నాణెము బాత్, నూఱు సతాంగులు ఒక బాత్. తేదీలు బౌద్ధశకముననుసరించి వ్రాయుదురు. అది క్రీస్తుశకమునకు 543 సంవత్సరములు ఎక్కువ. టికెట్టుపై 2568 అని చూచి బెదరనక్కరలేదు.

నగరమున సంచారము

*జలమార్గములు.* చావో ఫ్రయా నదిపై ప్రయాణిక నౌకలు రంగు జెండాలచే గుర్తింపబడును. నారింజరంగు జెండా నౌక సామాన్య ప్రజలు ఎక్కునది, నీలము జెండా నౌక యాత్రికుల కొఱకు ప్రత్యేకింపబడి అధికమైన రుసుము గలది. రెండును ఒకే నదిపై ముఖ్యమైన రేవులన్నిటిని తాకుచునే పోవుచున్నను, రేవులో నిలబడి నీలి నౌకకే కేకలువేసి పిలుచు సహాయకులను నమ్మి అధికముగ చెల్లించువారే పెక్కురు. ఆవలి గట్టునకు దాటించు చిన్న పడవలకు రుసుము అత్యల్పము.

మూడవ రాముని కాలమున 1837-40 మధ్య త్రవ్వబడిన సెన్ సెప్ కాలువపై 1990 నుండి పడవలు నడచుచున్నవి. నగరమధ్యమున వాహనములు స్తంభించినవేళ ఉద్యోగులకు ఇదియే శరణ్యము. పడవ రేవున కొన్ని క్షణములే ఆగును. త్రాడు కట్టునంతలోనే దిగువారు దిగి, ఎక్కువారు అంచుపై కాలుమోపి లోనికి దూకవలెను. అంచు వెంబడి కూర్చున్నవారు పక్కనున్న త్రాటిని లాగి టార్పాలిను తెరను పైకెత్తి పట్టుకొందురు. లేనియెడల ఎదురు పడవ లేపిన మురికినీరు మీద పడును. శిరస్త్రాణము ధరించిన టికెట్టు వసూలుదారు పడవ వెలుపలి అంచుపై నడచుచు, ఒక చేత కడ్డీని, ఒక చేత చిల్లరను పట్టుకొని డబ్బు తీసికొనును. వంతెనలు పల్లముగా నున్నచోట పడవ పైకప్పునే క్రిందికి దించెదరు. కాలువ దుర్గంధమును సహింపగలవానికి నగరపు పెరటివైపు, ఆరవేసిన బట్టలు, పూలకుండీలు, వెనుకటి వంటయిండ్లు, ఇంత చవుకగా మఱెచ్చటను కానరావు.

*రైళ్లు.* 1999 డిసెంబరు 5న ఆకాశరైలు బీటీఎస్, 2004 జులైలో భూగర్భరైలు ఎంఆర్‌టీ, 2010లో సువర్ణభూమికి రైలు ప్రారంభమైనవి. చైనా పేటకు భూగర్భరైలు 2019లో చేరినది. దూరప్రాంతపు రైళ్లు 2023 జనవరి నుండి అధికభాగము క్రుంగ్ తేప్ అభివట్ అను నూతన కేంద్రస్టేషనునుండి నడచుచున్నవి.

*వీథివాహనములు.* టాక్సీలకు మీటరు కలదు. మీటరు వేయుటకు నిరాకరించినచో వేఱొక టాక్సీని పిలుచుట మేలు. మూడు చక్రముల టుక్‌టుక్ మన ఆటోరిక్షాకు తోబుట్టువు; దీనికి మీటరుండదు, ఎక్కుటకు ముందే బేరము కుదుర్చుకొనవలెను. నారింజరంగు చొక్కా తొడిగిన మోటారుసైకిలు నడుపువారు సందుల మొదట గుంపుగా కూర్చుండి, రైలుస్టేషనుకును ఇంటికిని నడుమ మిగిలిన దూరమును క్షణములో దాటింతురు.

దర్శనీయ స్థలములు

*మహాప్రాసాదము, మరకత బుద్ధుడు.* 2,18,000 చదరపు మీటర్లకు మించిన ఆవరణమున రాజభవనములును, వాట్ ఫ్ర కేవ్ ఆలయమును కలవు. ఆలయమందలి బుద్ధ విగ్రహము మరకత బుద్ధుడని ప్రసిద్ధమైనను నిజమునకు పచ్చని జేడు జాతి శిలతో చేయబడినది. ఎత్తు 66 సెంటీమీటర్లు మాత్రమే. ఎత్తైన పీఠముపై నుండుటచే దర్శనార్థికి మఱింత చిన్నదిగా కనబడును. ఋతువు మారినప్పుడెల్ల, సంవత్సరమునకు మూడుసార్లు, రాజు స్వయముగా విగ్రహపు స్వర్ణవస్త్రములను మార్చును.

తెలుగువాడు ఇచ్చట మిక్కిలి సేపు నిలువదగిన చోటు గర్భాలయము కాదు, ప్రాకారమునకు లోపలివైపున 178 భాగములుగా సాగిన రామకియెన్ చిత్రములు. కథ రామాయణమే, కాని వివరములలో భేదములు పెక్కు: రావణుడు తోత్సకాన్, అనగా దశకంఠుడు, పచ్చని మేనుతో నుండును, తెల్లని మేనుగల హనుమంతుడు బ్రహ్మచారి కాడు, సేతువును చెడగొట్టవచ్చిన రావణపుత్రి సువర్ణమత్స్యను వలచి వరించును. యుద్ధదృశ్యముల మూలలలో చిత్రకారులు గ్రామీణులను, జూదరులను, కుక్కలను సైతము చిత్రించిరి. ఆలయ ద్వారములకు కాపుగా నిలిచిన యక్షులలో తోత్సకాన్ ఒకడు. మోకాళ్లు, భుజములు కప్పని దుస్తులతో లోనికి రానీయరు. విదేశీయుల ప్రవేశ రుసుము 500 బాత్‌లు. ద్వారములు అపరాహ్ణము మూడున్నరకే మూయబడును గనుక ఉదయము ఎనిమిదిన్నరకు తెరచినవెంటనే చేరుట ఉత్తమము.

*వాట్ ఫో, వాట్ అరుణ్.* ప్రాసాదమునకు దక్షిణమున వాట్ ఫో యందు 46 మీటర్ల పొడవున, 15 మీటర్ల ఎత్తున శయన బుద్ధుడు కలడు. పాదతలములయందు ముత్యపుచిప్పలతో 108 మంగళచిహ్నములు పొదుగబడినవి. విగ్రహము వెనుక వరుసగానున్న 108 కంచుపాత్రలలో భక్తులు నాణెములు వేయుచు నడుతురు. ఆ చప్పుడు మందిరమంతట నిరంతరముగా వినబడుచుండును. వైద్యము, మర్దన విద్య మొదలగువానిని గూర్చి ఇచ్చట చెక్కింపబడిన శిలాశాసనములు యునెస్కో ప్రపంచస్మృతి పట్టికలో చేరినవి. 1955 నుండి ఇచ్చట మర్దన విద్యాలయము నడచుచున్నది. థాయి మర్దనమునకు యునెస్కో గుర్తింపు 2019లో లభించినది. ఆవలి గట్టున అరుణుని పేర వెలసిన వాట్ అరుణ్ గోపురము చైనా పింగాణి ముక్కలచే అలంకరింపబడినది. ఉదయారుణునిపేర నున్నను దీనిని తూర్పుగట్టునుండి సూర్యాస్తమయ కాలమున చూచుటయే వాడుక.

*హైందవ సంబంధము గల స్థలములు.* 1784లో నిర్మింపబడిన దేవస్థాన్ ఆలయము రాజపురోహితులైన బ్రాహ్మణులది. దాని యెదుటనున్న ఎఱ్ఱని మహాడోలాస్తంభములపై జరుగు ఊయల ఉత్సవము, తమిళ తిరువెంబావై సంప్రదాయమునకు సంబంధించినది, 1935లో నిలిపివేయబడినది. స్తంభములు 2007లో క్రొత్త టేకు మ్రానులతో మార్చబడెను. రాత్‌చప్రసాంగ్ కూడలియందలి ఎరావాన్ మందిరము 1956 నాటిది. అచ్చట హోటలు కట్టుచుండగా కలిగిన విఘ్నముల నివారణకై చతుర్ముఖ బ్రహ్మను ప్రతిష్ఠించిరి. మ్రొక్కు తీరినవారు నర్తకీమణులకు సొమ్మిచ్చి స్వామి యెదుట నృత్యము చేయింతురు. బ్రహ్మకు గుడులు అరుదైన మన దేశమునుండి, గుంటూరు జిల్లా చేబ్రోలు చతుర్ముఖ బ్రహ్మాలయమును చూచియుండిన యాత్రికునకు, ఇది వాహనముల రొదలో వెలసిన ఆశ్చర్యము. సీలోమ్ వీథిలో 19వ శతాబ్దమున తమిళులు కట్టిన మారియమ్మ ఆలయమున నవరాత్రులు వైభవముగా జరుగును. ఊరేగింపునాడు ఆ వీథిలో వాహనములను నిలిపివేయుదురు. జాతీయ వస్తుప్రదర్శనశాలలోని ద్వారవతీ కాలపు బుద్ధ ప్రతిమలయందు అమరావతీ శిల్పసంప్రదాయపు ఛాయలను కళాచరిత్రకారులు గుర్తించియున్నారు (చూ. అమరావతి, ద్వారవతి).

*ఇతర స్థలములు.* చైనా పేట మొగదల వాట్ త్రైమిత్ నందలి అయిదున్నర టన్నుల స్వర్ణబుద్ధుడు చిరకాలము గచ్చుపూతలో మరుగుపడి, 1955లో తరలించుచుండగా పూత పగిలి బయల్పడెను. వాట్ సాకేత్ స్వర్ణగిరికి 344 మెట్లు. సెన్ సెప్ కాలువ ఒడ్డున జిమ్ థాంప్సన్ గృహము ఆరు ప్రాచీన టేకు ఇండ్ల సముదాయము. థాయి పట్టును విదేశములకు పరిచయము చేసిన ఆ అమెరికనుడు 1967లో మలేషియా కొండలలో అదృశ్యుడయ్యెను. ఆయనకు పట్టు నేసియిచ్చిన చాం జాతి ముస్లిముల బాన్ క్రువా పేట కాలువ కావలి గట్టుననే యున్నది.

అంగళ్లు

శని ఆదివారములలో నడచు చతుచక్ సంతకు 15,000 దుకాణములకు పైబడి కలవు. ఇది 1982లో ప్రాసాదసమీపమందలి సనాం లువాంగ్ మైదానమునుండి మార్చబడినది. వస్త్రములకు ప్రతునాం, ఫాహురత్ ప్రసిద్ధములు. ఫాహురత్ పంజాబీ సిక్కుల వ్యాపారస్థానము, అచ్చట పెద్ద గురుద్వారా కలదు. పాక్ ఖ్లాంగ్ పుష్పవిపణి రేయింబవళ్లు తెరచియుండును, అర్ధరాత్రి దాటిన తరువాతనే అధికముగ సందడించును. శీతలీకృతములైన బృహద్విపణులు సియామ్ ప్రాంతమున వరుసగా నున్నవి. అవి ఏ మహానగరమునందైనను ఉండునట్టివే.

ఆహారము

వీథివంటకము బ్యాంకాక్ జీవితమున ఆడంబరము కాదు, నిత్యావసరము. చిన్న అద్దె గదులలో వంటయిల్లు లేని ఉద్యోగులు మూడు పూటలు వీథిలోనే భుజింతురు. పచ్చి బొప్పాయి కోరును మిరపకాయలు, నిమ్మరసము, తాటిబెల్లము, ఎండురొయ్యలు, వేరుశనగలతో కూర్చి మట్టిరోటిలో దంచిన సోమ్ తమ్ తెలుగునాలుకకు వెంటనే చుట్టమగును. 'కారము ఎన్ని కాయలు?' అని అంగడివారు అడుగుదురు. పుల్లని రొయ్యల చారైన తొమ్ యమ్ కుంగ్ 2024లో యునెస్కో పట్టికలో చేరెను. కొబ్బరిపాలతో గూడిన జిగురుబియ్యమును మామిడిపండుతో వడ్డించుట ఏప్రిల్, మే మాసములలో ఉత్తమము.

శాకాహారులకు కష్టము మాంసముతో కాదు, నామ్ ప్లా అను చేపసారముతో. కూరగాయల వేపుడులోను ఉప్పుకు మారుగా దీనిని పోయుదురు. 'మాంసము వలదు' అనిన చాలదు, 'జే' అని చెప్పవలెను. అది చైనా సంప్రదాయపు శుద్ధ శాకాహారము, ఉల్లి వెల్లుల్లి సైతము నిషిద్ధములు. పసుపుపచ్చ జెండాపై ఎఱ్ఱని జే అక్షరము దాని గుర్తు. సాధారణముగా అక్టోబరున వచ్చు శాకాహారోత్సవపు దినములలో చైనా పేట వీథులన్నియు ఈ జెండాలతో నిండును.

ఉత్సవములు

ఏప్రిల్ 13-15 తేదీలలో వచ్చు సోంగ్‌క్రాన్ థాయి నూతన సంవత్సరము. పెద్దల చేతులపై పరిమళజలము పోసి ఆశీస్సులు పొందుట దీని మూలాచారము కాగా, నగరవీథులలో అది నీటితుపాకుల యుద్ధముగా పరిణమించినది. సీలోమ్, ఖావో సాన్ వీథులలో ఆ మూడు దినములు పొడిబట్టతో నడచుట అసాధ్యము. ఈ పండుగకు యునెస్కో గుర్తింపు 2023లో కలిగెను. ద్వాదశ చాంద్రమాస పూర్ణిమనాడు, అనగా సామాన్యముగా మన కార్తీక పూర్ణిమ ప్రాంతముననే, అరటిదొప్పలలో దీపములు వెలిగించి నదిలో విడుచు లోయ్ క్రతోంగ్ జరుగును.

మర్యాదలు, చట్టములు

నమస్కారమునకు 'వై' అని పేరు. చేతులు జోడించుట మనకు అలవాటే గనుక తెలుగు యాత్రికునకు దీనియందు శ్రమ లేదు. శిరస్సు పవిత్రము, పాదము నీచము. ఎవరి తలను తాకరాదు, బుద్ధునివైపు కాళ్లు చాపి కూర్చుండరాదు. స్త్రీలు భిక్షువులను తాకరాదు. ఉదయము ఎనిమిదింటికిని సాయంకాలము ఆరింటికిని ఉద్యానములలో, స్టేషనులలో జాతీయగీతము వినబడినపుడు నడచువారందఱు నిలిచిపోవుదురు, యాత్రికుడును నిలువవలెను. శిక్షాస్మృతి 112వ విభాగము ననుసరించి రాజకుటుంబమును నిందించిన నేరమునకు 3 మొదలు 15 సంవత్సరముల కారాగారశిక్ష; ఈ చట్టము విదేశీయులకును వర్తించును. ఎలక్ట్రానిక్ సిగరెట్లను దేశములోనికి తెచ్చుట నిషిద్ధము.

మోసములు, రక్షణ

హింసాయుత నేరములు యాత్రికులకు అరుదు, మాటలతో చేయు మోసములు మెండు. వీనిలో ప్రసిద్ధమైనది రత్నాల మోసము. మహాప్రాసాదపు గోడవద్ద మంచి దుస్తులు ధరించిన పెద్దమనిషి ఒకడు చిరునవ్వుతో సమీపించి, నేడేదో పండుగ యగుటచే ప్రాసాదము మధ్యాహ్నము వఱకు మూసియుండునని చెప్పి, ఆలోపల చూడదగిన ఆలయముల పేర్లు కాగితముపై వ్రాసియిచ్చి, అతిస్వల్ప రుసుమునకు ఒక టుక్‌టుక్‌ను కుదుర్చును. ఆ బండి ఒక చిన్న ఆలయము చూపించి నగల దుకాణమున నిలుపును. అచ్చట, ఈ దినముతో ముగియు ప్రభుత్వపు రాయితీ యని నాసిరకపు రాళ్లను అధిక వెలకు అంటగట్టుదురు. ప్రాసాదము తెరచినదో లేదో ద్వారమునొద్దకే పోయి చూచుట దీనికి విరుగుడు. యాత్రికుల సహాయార్థమున్న పర్యాటక పోలీసుల టెలిఫోను సంఖ్య 1155.

ప్రభావములు, వివాదములు

యాత్రికుల రాకవలన హోటళ్లు, భోజనశాలలు, వాహనములు, మర్దనశాలలు మొదలు వీథి పూలమ్ము స్త్రీ వఱకు జీవనోపాధి పొందుచున్నారు. వారిలో పెక్కురు ఈశాన్యమందలి ఈసాన్ ప్రాంతమునుండి వలస వచ్చినవారు. సోమ్ తమ్ సైతము నగరమున వ్యాపించినది ఈ వలసలవలననే. మఱియొక వైపు, నగరమును తీర్చిదిద్దు ప్రయత్నములు అందలి ప్రజలనే తొలగించిన సందర్భములు కలవు. ప్రాచీన దుర్గమైన మహాకాన్ గోడవెంట నివసించుచుండిన కొయ్యయిండ్ల పేటను ఉద్యానమునకై 2018లో పూర్తిగ ఖాళీ చేయించిరి. దశాబ్దములు సాగిన ఆ వివాదము పిమ్మట మిగిలినది పచ్చిక మాత్రమే. కాలిబాటలపై అంగళ్లను తొలగించుటయందును ఇదే వైరుధ్యము: ఏ వీథివంటను చూపి యాత్రికులను ఆహ్వానించుచున్నారో దానినే శుభ్రతపేర వీథినుండి పంపివేయుట.

పరిసర యాత్రలు

ఉత్తరమున సుమారు 80 కిలోమీటర్ల దూరమునగల అయుత్థయ శిథిలములు 1991లో ప్రపంచవారసత్వ స్థలముగా ప్రకటింపబడినవి, రైలులో పోయి సాయంకాలమునకు తిరిగి రావచ్చును (చూ. అయుత్థయ). నైరృతి దిక్కున రాచబురి ప్రాంతమందలి దమ్నోన్ సదువాక్ నీటిసంత చిత్రపటములవలన జగత్ప్రసిద్ధమైనది, కాని నేడచ్చట పడవలలో నున్నవారిలో అమ్మువారికంటె చూచువారే అధికము. మేక్లాంగ్ పట్టణమున రైలుపట్టాలపైననే కూరగాయల సంత నడచును. రైలు కూత వినబడగానే అంగడివారు పందిరి గుడ్డలను వెనుకకు మడిచి, తట్టలను అంగుళములలో జరిపి, బండి పోయినవెంటనే మరల పఱతురు. స్థానికులు వాడుకగా పోవునది సమీపమందలి అంఫవా సంత. అది శుక్ర శని ఆదివారములలో అపరాహ్ణమునుండి రాత్రి వఱకు జరుగును. చీకటిపడిన పిమ్మట మిణుగురులను చూపు పడవలు బయలుదేరును. వానికొఱకు నిలిచినవారికి బ్యాంకాక్‌నకు తిరుగు వాహనములు దొరకుట కష్టము గనుక, ఆ రాత్రికి కాలువ ఒడ్డునగల కొయ్యయిండ్లలో వసతి ముందుగానే కుదుర్చుకొనవలెను.